దొంగ గాలి దొరికింది బావా

ఒరే బావా,

ఎలాగున్నావ్? రిప్లై చాలా లేటయింది, తిట్టకు. నా చేపల ట్యాంకుకి కొన్న పాత ఫిల్టర్ సంగతి ఏదో ఒకటి తేలాకే రాద్దామని ఆగాను. ఇంట్లో అందరూ బావున్నారు, అమ్మకి మోకాళ్ళు మామూలే, చెల్లి సంబంధం ఇంకా నానుతోంది, అరసవల్లి వెళ్ళినప్పుడు నీ పేరు మీద కూడా దండం పెట్టేను. న్యూస్ అయిపోయింది.

ఇప్పుడు విను. కేనిస్టర్ నడిచింది రా, అదే, ట్యాంకు బయట పెట్టే మూసిన డబ్బా ఫిల్టర్! ఇది రాస్తన్నంతసేపూ టేబుల్ కింద ఉంది, చెవి ఆనిస్తే గానీ వినపడట్లేదు. నా చేప కలెక్టర్ గారు స్ప్రేబార్, అదే నీళ్ళు చిమ్మే చిల్లుల గొట్టం, దానికి ఎదురుగా నిలబడి ఈత కొడతన్నారు, పక్కన రెండో చేప డవాలా బంట్రోతు కూడా.

ఇది ఎక్కడిదో నీకు పూర్తిగా చెప్పలేదు కదా. విజయనగరంలో కంటోన్మెంట్ వైపు ఒక రిటైర్డ్ మాస్టారి దగ్గర కొన్నాను. వాళ్ళబ్బాయి పెంచేవాడంట చేపల్ని, ఫారిన్ వెళ్ళిపోయాడు, ట్యాంకు ఎవరికో ఇచ్చేశారు, ఇదొక్కటీ అటక మీద ఉండిపోయింది. ఆయన తువ్వాలుతో దుమ్ము తుడిచి ఇచ్చి, "నడిస్తే ఒక వీడియో పంపు బాబూ, వాడికి చూపిస్తాను" అన్నారు. బస్సులో ఒళ్ళో పెట్టుకుని వస్తంటే ఆ మాటే... సరేలే.

ఇంటికొచ్చి ప్లగ్గు పెడితే గుర్ర్ర్ మంటాది, నీళ్ళు మాత్రం చుక్క రాదు. ముందు మోటారు హెడ్ తిప్పి ఇంపెల్లర్, అదే మేగ్నెట్‌కి తగిలించిన రెక్కల చక్రం, బయటికి లాగాను. అది కూర్చునే గుంట అంతా తెల్లగా గార కట్టేసి ఉంది, బోరు నీళ్ళ ఉప్పు. వేడినీళ్ళలో నిమ్మ ఉప్పు కలిపి రాత్రంతా నానబెట్టి పాత టూత్ బ్రష్‌తో తోమితే శుభ్రంగా వదిలేసింది. సబ్బు మాత్రం తగలనివ్వలేదు, అది ప్లాస్టిక్‌కి పట్టుకుని చేపలకి చేటు. మధ్యలో షాఫ్ట్ పింగాణీది, చెయ్యి జారితే రెండు ముక్కలే, గుడ్డ పరుచుకుని పని చేశాను. నువ్వు వీడియో కాల్‌లో "రెక్కలు వదులుగా ఉన్నాయి, విరిగిపోయిందిరా" అన్నావు చూడు, విరగలేదు బావా, దాని తయారీయే అంత. ఈ మోటార్లకి ఇటే తిరగాలని ఉండదు, కరెంటు రాగానే మేగ్నెట్ ఎటో ఒకపక్కకి కదిలి, కొంచెం ఊపందుకున్నాక అప్పుడు రెక్కల్ని తగులుకుంటాది. ఆ వదులు లేకపోతే స్టార్టవ్వడమే కష్టం. ఎంత బాగా ఆలోచించారో!

తర్వాత ఓ-రింగ్, మూత దగ్గర నీళ్ళు కారకుండా ఆపే రబ్బరు చుట్టు. ఎండిపోయి బల్లపరుపుగా అణిగిపోయింది. పాలకొండ రోడ్డులో పంపుల రిపేరు షాపాయన పాతది చేతిలో పట్టుకుని నలిపి చూసి, అదే మందం అదే చుట్టు కొత్తది వెతికిచ్చాడు, సిలికాన్ గ్రీజు కూడా. వేజలైన్ రాయొద్దన్నాడు, కొన్ని రబ్బర్లు దానికి ఉబ్బిపోతాయంట. మనిషి బంగారం. రింగు వేసి, డబ్బా నిండా నీళ్ళు పోసి, పొడి న్యూస్ పేపర్ మీద రాత్రంతా నిలబెట్టాను, పొద్దున్నకి పేపరు తడవలేదు.

ఇక ప్రైమింగ్, అంటే మోటారు వెయ్యకముందే లోపల గాలి పోయేలా నీళ్ళు నింపడం. మీద నొక్కే బటన్ ఉంది గానీ లోపల రబ్బరు చిరిగిపోయింది, అందుకని చేత్తోనే. నాగావళి ఒడ్డున మీ చిన్నాన్న ఆయిల్ ఇంజనుకి ముందు నీళ్ళు పోసేవాడు గుర్తుందా, లోపల గాలుంటే లాగదని, ఇదీ అంతే. ఇంపెల్లర్ గాలిలో ఎంత తిరిగినా నీళ్ళని పట్టుకోలేదు. డబ్బా ట్యాంకు కంటే కింద పెట్టి, లోపలికొచ్చే పైపు నీళ్ళలో ముంచి, కుళాయిలు రెండూ తెరిచి, బయటికెళ్ళే పైపు చివర నోటితో ఒక్క లాగు లాగితే చాలు, నీళ్ళు వాటంతటవే దిగి డబ్బా నింపి, గాలిని తోసుకుంటూ రెండో పైపులో ట్యాంకు మట్టం దాకా ఎక్కి ఆగిపోతాయి. అప్పుడు ప్లగ్గు పెట్టాలి, ముందు కాదు. "ఇంత చిన్న మోటారు కింద నుంచి నీళ్ళు పైకెలా ఎక్కిస్తాది" అన్నావు కదా, ఎక్కించక్కర్లేదు. దిగే నీళ్ళ బరువూ ఎక్కే నీళ్ళ బరువూ సరికి సరి, మోటారు పైపుల రాపిడిని గెలిస్తే చాలు.

పెట్టాను. వొచ్చింది నీళ్ళు! అమ్మని కేకేసి పిలిచాను. కాసేపటికి దగ్గు మొదలైంది. గళగళ గళగళ, స్ప్రేబార్ నుంచి బుడగలు, ధార సన్నబడిపోవడం. డబ్బా పక్కకి వంచి ఊపితే గాలంతా బయటికి వొచ్చేది, కాసేపు బాగుండేది, మళ్ళీ మొదలు. స్టాండు వెనక పైపు ఒంటె మూపులా లేచి ఉంటే అక్కడ గాలి నిలుస్తందేమోనని పొడవు కోసి తిన్నగా దించాను. తగ్గింది గానీ పోలేదు. ఎక్కడా కారట్లేదు, అదే కదా పిచ్చెక్కించేది, కారకుండా గాలి ఎలా వస్తాది?

ఒకరోజు సాయంత్రం పెరట్లో మొక్కలకని ట్యాంకులోంచి ఒక బకెట్టు తోడాను. వెంటనే దగ్గు పెరిగింది. నిలవ పెట్టిన నీళ్ళు తెచ్చి అంచు దాకా పోశాను. ఆగిపోయింది! మళ్ళీ తోడాను, మళ్ళీ దగ్గు. ఒళ్ళు జలదరించింది బావా. అంటే దొంగ ఎవడో నీళ్ళ మట్టం దగ్గరే ఉన్నాడు. చూస్తే, లోపలికి లాగే గొట్టం వంపు గొట్టంలో దూరే చోట సన్నని వెంట్రుకంత పగులు. నీళ్ళకి పైనుంటే అది గాలి పీల్చేస్తంది, నీళ్ళు బయటికి రావు, ఎందుకంటే లాగే వైపు మట్టానికి పైనున్న పైపులో ఒత్తిడి బయట గాలి కంటే తక్కువ, అందుకే కారదు, మింగుతాది! నువ్వే ఉండాల్సింది పక్కన.

హాక్సా బ్లేడుతో ఒక అంగుళం కోసి, అంచు నున్నగా గీకి, మళ్ళీ బిగించాను. నిశ్శబ్దం. పది లీటర్ల బకెట్టు ట్యాంకు మట్టానికి ఎత్తి పట్టుకుంటే నిమిషం లోపే నిండింది, అంటే గంటకి 600 లీటర్ల పైమాటే, మీడియా, అదే లోపల వడకట్టే సరుకు, వేసిన తర్వాత కూడా. మాస్టారికి వీడియో పంపాను. ఫోన్ చేసి కాసేపు ఏమీ మాట్లాడలేదాయన.

పాత స్పాంజి ఫిల్టర్ ఇంకా తియ్యలేదు, చేపల మలినం లోంచి వచ్చే అమ్మోనియాని తినే బాక్టీరియా కొత్తదాంట్లో కుదురుకోడానికి 4 నుంచి 6 వారాలు పడతాది, అందాకా రెండూ నడుస్తాయి. భయం ఒక్కటే, కరెంటు. మూసిన డబ్బా కదా, గంటల తరబడి పోతే లోపల ఆక్సిజన్ అయిపోయి బాక్టీరియా చస్తాది, కరెంటు రాగానే ఆ కుళ్ళు నీళ్ళన్నీ ట్యాంకులోకే. అందుకే ఎక్కువసేపు పోతే ముందు డబ్బా నీళ్ళు పారబోసి అప్పుడే ఆన్ చేస్తాను. 2018లో తిత్లీ తుఫాను అప్పుడు కరెంటు లేక, చేపలకి గాలి అందాలని పలాసలో మీ ఇంట్లో వంతులేసుకుని మగ్గుతో ట్యాంకు నీళ్ళు ఎత్తి పోశాం గుర్తుందా? తెల్లారేసరికి మీ నాన్న జీడితోట చూడ్డానికెళ్ళి... ఆయన ఎలాగున్నారు ఇప్పుడు? కొత్త మొక్కలు కాపుకొచ్చాయా? రాయి తప్పకుండా.

ఇంకా స్ప్రేబార్ కోణం గురించీ, కరెంటు వైరుకి కిందికి ఒక వంపు వదలాలని ఎందుకంటారో అదీ చెప్పాలి, నీ ట్యాంకుకి కూడా పనికొస్తాది, కానీ పెద్దమ్మ ట్రైను శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌కి దగ్గరకొచ్చేసిందంట, ఆ స్టేషన్ ఉన్న ఆమదాలవలసకి నేను పరిగెట్టాలి, ఆటో వాడు బయట హారన్

ఉంటా రా