సోలార్ ఇంటికి నేల సంగతి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

కరెంటు లైను లేకుండా సోలార్ మీదే నడిచే ఇళ్ల గురించి ఈమధ్య మీరు రాసింది చదివాను. బాగుంది కానీ ప్యానెళ్లు, బ్యాటరీల దగ్గరే ఆగిపోయారు. నేల ఊసే లేదు. మాది లంబసింగి దగ్గర, దాదాపు 1000 మీటర్ల ఎత్తు. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది, రాత్రి బయట ఉన్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని.

మా ఇంట్లో 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీలు రెండున్నాయి. కలిపి 3.6 యూనిట్లు, సగానికి మించి వాడితే బ్యాటరీ త్వరగా పోతుంది కాబట్టి చేతికొచ్చేది 1.8. 2000 వాట్ల రూమ్ హీటర్ పెడితే గంట కూడా రాదు, అసలు మా ఇన్వర్టరు దాన్ని మోయనే మోయదు. తలుపులేసుకుని కుంపటి పెట్టుకుంటే ఆ పొగకి ప్రాణాలే పోతాయి. కాబట్టి ఉన్న వేడిని పోనివ్వకపోవడం ఒక్కటే దారి, అది మా ఇంట్లో కాళ్ల కిందనుంచి కూడా పోతోందని రెండు చలికాలాలు వణికాక గానీ తెలియలేదు. మేస్త్రీ మాట విని టైల్స్ వేయించాం మరి.

మొదట తెలివి ఉపయోగించి ఊక బస్తాలు తెచ్చాను. చవక, వేడిని బాగానే ఆపుతుంది, పల్లెల్లో ఐసు గడ్డని ఊకలో దాచేవాళ్లు కదా. ఒక గదిలో టైల్స్ మీద ఊక పరిచి పైన చెక్కలు వేశాం. వానాకాలంలో చెమ్మెక్కి బూజు పట్టింది, ఎలుకలు కాపురం పెట్టాయి. అంతా ఎత్తిపోశాం.

తర్వాత అదే గదిలో చెమ్మ రాకుండా మందపాటి పాలిథిన్ షీటు, దాని మీద రెండంగుళాల గట్టి థర్మోకోల్, దానిపైన కోళ్ల జాలీ పరిచి రెండంగుళాల కాంక్రీటు. టీవీ డబ్బాల్లో వచ్చే మెత్తటిది పనికిరాదు, కుంగిపోతుంది, ఘనపు మీటరుకు 20 కేజీలకు తగ్గనిది అడగాలి. అంతే మందం కాంక్రీటుతో పోలిస్తే దాన్లోంచి పోయే వేడి 30, 40 రెట్లు తక్కువ. థిన్నరు మాత్రం దగ్గరికి రానీయకండి, కరిగిపోతుంది. నేల ఎత్తు పెరిగింది కాబట్టి తలుపు కింద నాలుగంగుళాలు కోయించాల్సి వచ్చింది, వంగి వెళ్లమని మా ఆవిడ అందరికీ చెబుతూ ఉంటుంది. గోడల వెంబడి అంచుల్ని థర్మోకోల్ లేకుండా వదిలేయకూడదు, వేడి ఎక్కువగా జారిపోయేది అక్కడే.

ఇది విజయవాడ వాళ్లకి కాదు సుమా. మే నెలలో వాళ్లకి చల్లటి నేలే దిక్కు.

నా విన్నపమల్లా, మన్యంలో కొత్తగా కట్టే కాలనీ ఇళ్లకి కూడా మైదానం ప్లానే వాడకుండా, నేల వేసేముందే ఈ ఒక్క పొర వేయమని మీరు రాయాలి. ముందే వేస్తే షీట్ల ఖర్చే, తర్వాతైతే నాలాగా తలుపులు కోసుకోవాలి. మా రెండో గదికి ఇంకా డబ్బు కుదరలేదు, టైల్స్ అలాగే ఉన్నాయి. సంక్రాంతికి అల్లుడు వస్తే ఆ గదే ఇస్తున్నాం, సాక్సులతో సహా.

ఇట్లు
ఒక పాఠకుడు, చింతపల్లి మండలం