నాలుగు రంగులు, కుర్చీలో నాయనమ్మ

స్టాక్‌హోమ్,
డిసెంబర్ 8

తమ్ముడూ,

నూనెరంగుల్లో వేసే నాయనమ్మ బొమ్మకు నీలం ట్యూబు కొననా అనడిగావు. వద్దు. ఇక్కడి నేషనల్ మ్యూజియంలో స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ 1896లో వేసుకున్న తన బొమ్మ ఉంది. అతని చేతిలో పాలెట్ (రంగులు కలుపుకునే పలక) మీద ఉన్నవి తెలుపు, యెల్లో ఓకర్ అనే మట్టిపసుపు, ఇంగిలీకపు ఎరుపు, నలుపు, అంతే. ఇంగిలీకం బదులు నువ్వు కాడ్మియమ్ రెడ్ లైట్ తీసుకో. నలుపు మాత్రం ఐవరీ బ్లాకే. తెలుపు కలిస్తే అది చల్లటి బూడిదరంగవుతుంది, వెచ్చటి ఒంటిరంగు పక్కన పడగానే నీలంలా కనబడుతుంది. ఓకర్‌తో కలిస్తే ఆలివ్ పచ్చ. నెమలికంఠం రంగు మాత్రం ఎంత తిప్పలుపడ్డా రాదు. ఆ పట్టుచీర పెట్టెలోనే ఉండనీ, ఇటికరంగు నేతచీర కట్టుకోమను.

కాన్వాస్ 50×60 సెంటీమీటర్లు చాలు. ఓకర్‌లో కాస్త నలుపు వేసి టర్పెంటైన్‌తో పల్చగా పూసి, పాతగుడ్డతో తుడిచెయ్. తెల్ల కాన్వాస్ మీద ఏ రంగైనా ఉన్నదానికన్నా ముదురుగా కనిపిస్తుంది, దాంతో తెలుపు కుమ్మరిస్తాం. కూర్చున్న మనిషి నడినెత్తి నుంచి కుర్చీ పీట దాకా సుమారు నాలుగు తలల పొడవు, అక్కణ్ణుంచి నేలకు రెండు. నాయనమ్మ నడుము వంగింది కదా, మూడున్నరే రావచ్చు, కొలిచి చూడు. పాదాల దాకా వేస్తే తల తొమ్మిది సెంటీమీటర్లు దాటదు. మోకాళ్ళ దగ్గర ఆపెయ్. ఆవిడ పాదాలూ కుర్చీకాళ్ళూ ఉన్నచోట సుద్దతో గీతలు గియ్యి. ఇరవై నిమిషాలకోసారి లేవనీ.

ఒంటిరంగుకు ముందు ఓకర్ కుప్ప, అందులో కత్తిమొనంత ఎరుపు. సమానంగా కలిపావా, కాడ్మియమ్ ఓకర్‌ని మింగేస్తుంది. మన రంగుకు తెలుపు చివర్న, కొంచెమే. నువ్వు పంపిన అభ్యాసపు బొమ్మ ఫొటోలో బుగ్గ సుద్దకొట్టినట్టుంది చూడు, అది టైటానియమ్ తెలుపు ఎక్కువై. వెలుగు కావాలంటే ముందు ఓకర్ పెంచు. నీడలో వట్టి నలుపు పెడితే మసి పూసినట్టుంటుంది, ఎరుపు కలిపి ముదురు గోధుమ చేసి పెట్టు. నీడలు పల్చగానే ఉండాలి. ఐవరీ బ్లాక్ ఆరడానికి రోజులు పడుతుంది, దాన్ని అడుగున దళసరిగా వేసి పైన త్వరగా ఆరే రంగు వేస్తే పగుళ్ళొస్తాయి. బొట్టుకు ఏమీ కలపని కాడ్మియమ్, అదీ అన్నిటికన్నా ఆఖర్న.

ఉత్తరపు కిటికీ మంచిదే. కానీ మే మొదటివారం నుంచి ఆగస్టు మొదటివారం దాకా బెజవాడలో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు, ఎండ లోపలికి పడొచ్చు. ఇప్పుడే మొదలెడితే ఆ బాధ లేదు. ఇక్కడైతే మూడు కాకముందే పొద్దుగూకుతోంది.

ఈసారి ఫొటో పగటి వెలుతురులో తీసి పంపు. ట్యూబులైటు కింద తీస్తే నీ ఓకర్ ఎంతుందో నాకు అంతుపట్టడం లేదు.

ఇట్లు,
అన్నయ్య