గట్టు ఎత్తు ముందు, తలుపుల రంగు తర్వాత

కడప

పాపా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన వంటింటి డిజైన్లన్నీ చూశాను. బాగున్నాయి, కాదనను. తెల్ల షట్టర్లు, అంటే అల్మారా తలుపులు, హ్యాండిల్ లేని డ్రాయర్లు, అద్దాల అల్మారాలో లైట్లు. కానీ ఆ బొమ్మల్లో ఎక్కడా ఒక కుక్కరు లేదు, బియ్యం మూట లేదు, సిలిండర్ ఎక్కడ పెడతారో తెలియదు. రెండు కాఫీ కప్పులు, ఒక పూలకుండీ పెట్టి ఇదే వంటిల్లు అంటే ఎట్లా? ఫోన్లో చెబితే "సరేలే నాయనా" అని పెట్టేస్తావని రాస్తున్నా. ఆ డిజైన్లు గీసినవాళ్ళకు అడ్వాన్సు కట్టకముందే చదివి, అల్లుడికి కూడా చూపించు.

నేను చెప్పేది ఒకటే. తర్వాత మార్చుకోగలిగినవాటి మీద ఖర్చు తగ్గించి, మార్చలేనివాటి మీద పెట్టు. షట్టరు రంగు అయిదేళ్ళకు మొహం మొత్తితే విప్పి కొత్తది బిగించుకోవచ్చు. గట్టు ఎత్తు, సింకు పైపు, కరెంటు పాయింట్లు, లోపలి పెట్టెల చెక్క అట్లా కాదు, ఇల్లు సగం విప్పితే తప్ప కదలవు. వాళ్ళు బొమ్మలో మెరిపించేదంతా తర్వాత మార్చుకోగలిగిందే. కొటేషన్‌లో చిన్న అక్షరాల్లో ఉండేది మార్చలేనిది.

ముందు గట్టు. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా 34 అంగుళాలు అని రాశారు. నువ్వు 5 అడుగుల 1 అంగుళం. 34 మీద స్టవ్వు, దాని మీద తపేలా, తపేలాలోంచి పైకి వచ్చిన సంగటి కట్టె, లెక్కేసుకో, నీ చేతులు భుజాల దాకా లేస్తాయి. రాగిపిండి ఉడికాక ఉండలు పోవాలంటే కట్టెను తపేలా అంచుకు అదిమి తిప్పాలి, ఆ బలం పైనుంచి కిందికి రావాలి. మీ అవ్వ తపేలాను కింద పెట్టి రెండు కాళ్ళతో పట్టుకుని కెలికేది అందుకే. నువ్వు వారానికి రెండుసార్లయినా సంగటి చేస్తావు కదా, స్టవ్వు ఉండేచోట గట్టు 30 అంగుళాలకు దించమను. కూరగాయలు తరిగేచోటయితే మోచేతికి 4 నుంచి 6 అంగుళాలు కింద ఉంటే నడుము నొప్పి రాదు. సింకు వైపు మాత్రం 35 పెట్టించు. సింకు అడుగు ఎట్లాగూ 8, 9 అంగుళాలు కిందికి ఉంటుంది, పైగా మీ ఇంట్లో గిన్నెలు తోమేది అల్లుడే, ఆయన పొడుగు. రేపు డిష్‌వాషర్ కొన్నా అది సుమారు 85 సెంటీమీటర్ల ఎత్తు, అంటే 33న్నర అంగుళాలు, ఆ గట్టు కిందే పడుతుంది. ఒక్కోచోట ఒక్కో ఎత్తంటే డిజైన్ చేసే పిల్లోడు లుక్ పోతుందంటాడు. పోనీ.

ఇక రాయి. ఇది మన రాళ్ళ అంగడి సంగతి కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను. కడప బండ నా సరుకే అయినా చెబుతున్నా, గట్టు పైకి అది వద్దు. అది సున్నపురాయి, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలకు పోయే రాయి ఏ జాతో ఇదీ ఆ జాతే. నిమ్మకాయ పిండినచోట, చింతపండు పులుసు ఒలికినచోట మెరుగు పోయి బూడిదరంగు మచ్చ పడుతుంది, తుడిస్తే పోదు, మళ్ళీ పాలిష్ పట్టాల్సిందే. మరి వాళ్ళు రాసిన తెల్ల క్వార్ట్జ్? అది గనిలో తవ్వి తీసిన రాయి కాదు, రాతిపొడిని రెజిన్ బంకతో కలిపి నొక్కి చేసిన పలక. మచ్చలు పీల్చుకోదంటారు, చాలావరకు నిజమే, కానీ పొయ్యి మీంచి దించిన బాండలి నేరుగా పెడితే ఆ బంక మాడుతుంది. పసుపు, కారం ఇంత వాడేవాళ్ళం, తెల్లదాన్ని పొద్దున్నుంచి రాత్రిదాకా తుడుస్తూనే ఉండాలి. ఇంకోటి, దాన్ని కోసేటప్పుడు లేచే దుమ్ములో సిలికా బాగా ఎక్కువ, కోసేవాళ్ళ ఊపిరితిత్తులు పాడవుతున్నాయని ఆస్ట్రేలియాలో 2024 జులై 1 నుంచి దాన్ని నిషేధించారు. గ్రానైట్‌లోనూ సిలికా ఉంది, కానీ క్వార్ట్జ్ పలకలో ఉన్నంత ఉండదు. నల్ల గ్రానైట్ తీసుకో, వేడికి ఏమీ కాదు. కోతంతా వాళ్ళ షెడ్డులో నీళ్ళు పోస్తూ చేయమను, నీ ఫ్లాట్లో వద్దు. ముందంచు కింద, కనబడనిచోట, సన్నగా ఒక గాడి కొట్టించు. గట్టు మీద ఒలికిన నీళ్ళు ఆ గాడి దగ్గరే కింద పడిపోతాయి, లోపలికి పాకి షట్టర్లను ఉబ్బించవు. నేను చెప్పినవాటిలో అన్నిటికంటే చవకైన పని ఇది, అడగందే ఎవరూ చేయరు.

డ్రాయర్ల విషయంలో కొత్త పద్ధతే మంచిది, నన్ను పాతకాలపోణ్ణి అనుకోవద్దు. తలుపు తీసి, వంగి, ముందున్న గిన్నెలు జరిపి వెనకున్నది తీసే అల్మారాల కంటే, పూర్తిగా బయటికి వచ్చే టాండమ్ డ్రాయరు వంద రెట్లు నయం. వైరు బుట్టల్లో గ్లాసులు ఒరిగిపోతాయి, నాసిరకమైతే తుప్పు కూడా పడుతుంది. కుక్కర్లు పెట్టే కింది డ్రాయరుకు, అది జారే చానెల్ ఎన్ని కిలోలు మోస్తుందో అడుగు, అది కాగితం మీద రాయించుకో. మూలకు తిరిగే స్టాండు, అది లాగితే ఇది వచ్చే మ్యాజిక్ కార్నర్, ఇవన్నీ ధర చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఆ మూలలో పండక్కి తీసే గంగాళాలు పడేయ్, చాలు. లోపలి పెట్టెలకు ఐఎస్ 710 గుర్తున్న, నీళ్ళకు తట్టుకునే ప్లైవుడ్డే వాడమను, షీటు మీద ముద్ర నువ్వే చూడు. ఫ్లాటుకు వచ్చినాక షీట్లు ఫోటో తీసి పంపితే ఇంకా మంచిది.

సిలిండర్ అల్మారా అన్ని వైపులా మూసేసినట్టు గీశారు. అది కుదరదు. మన సిలిండర్ గ్యాసు గాలికంటే బరువు, లీకయితే నేలమట్టంగా పేరుకుంటుంది, కాబట్టి తలుపు అడుగున గాలి పోయే సందులు ఉండి తీరాలి. రేపు మీ అపార్ట్‌మెంటుకు పైపు గ్యాసు వస్తే అది గాలికంటే తేలిక, దానికి పైన సందు కావాలి. రెండుచోట్లా ఇప్పుడే పెట్టించేయ్. రబ్బరు ట్యూబు అయిదేళ్ళకోసారి మార్చాలి, దాని మీద తేదీ ఉంటుంది.

చిమ్నీ కొనేటప్పుడు పొగను ఎంత లాగుతుందో చెప్పే సక్షన్ నంబరు ఒక్కటే చూసి మురిసిపోవద్దు. పైపు వంకర్లు ఎక్కువైతే ఎంత పెద్ద చిమ్నీ అయినా ఎండుమిరపకాయల తిరగమాత ఘాటు హాల్లోకే వస్తుంది. స్టవ్వును బయటి గోడ వైపుకు మారిస్తే సగం బాధ తీరుతుంది. గ్రైండరు, ఓవెన్, ఇండక్షన్, డిష్‌వాషర్, ఒక్కోదానికి విడిగా 16 ఆంపియర్ల పాయింట్ అడుగు. గట్టులోంచి పైకి లేచే సాకెట్ మాత్రం వద్దు, నీళ్ళు ఒలికేచోట కరెంటు ఏంది?

మెరిసే అక్రిలిక్ షట్టర్లు నీ ఇష్టం, వేలిముద్రలు తుడుచుకునే ఓపిక ఉంటే. నేనయితే మెరుపు లేని మ్యాట్ లామినేట్ అంటాను, మిగిలిన డబ్బు డ్రాయర్లకు పెడతాను. హ్యాండిల్ లేకపోతే పిండి చేతులతో షట్టరు ఎట్లా తీస్తావని అమ్మ అడుగుతోంది. అల్మారా కింద వెలిగే లైటు పట్టీ మాత్రం పెట్టించుకో, తరిగేచోట నీ నీడ పడదు.

వంటింటి పక్కనుండే యుటిలిటీకి కడప బండ నేను పంపిస్తా. బియ్యం, నూనె డబ్బా, జాడీలు, గ్రైండరు, అన్నీ బరువైనవే, వాటికి చెక్క ఎందుకు? చెద పట్టదు, నీళ్ళకు ఉబ్బదు. గ్రైండరును ఎత్తి దించే పని లేకుండా దానికి ఒక తక్కువ ఎత్తు గూడు, పక్కనే కొళాయి. ఆ గోడ పొడవు, లోతు టేపు పెట్టి కొలిచి అంగుళాల్లో పంపు, వాళ్ళ డ్రాయింగ్‌లోది కాదు, నువ్వు కొలిచింది. ఇక్కడే కోయించి, అంచులు గుండ్రం చేయించి బెంగళూరు లారీలో వేయిస్తా. అదే లారీలో అమ్మ చెనిక్కాయల మూట కూడా వేస్తానంటోంది, కింది గూడు ఎత్తు దానికి తగ్గట్టు చూసుకో.

మీ నాయన