ప్రార్థనకీ పతకానికీ మధ్య తొమ్మిది నెలలు

సంపాదకులకు నమస్కారం.

దైవ విశ్వాసం ఇతివృత్తంగా వచ్చే క్రీడా చిత్రాలకి పత్రికల్లో సమీక్షలు బాగానే వస్తున్నాయి. నటన బాగుందంటారు, సంగీతం బాగుందంటారు, చివర్లో కన్నీళ్లు ఆగలేదంటారు. ఆటగాడి మోకాలు ఎలా బాగుపడిందని మాత్రం ఒక్కరూ అడగరు. అడగాలి. చూసేవాళ్లలో నిజంగానే మోకాలికి ఆపరేషన్ చేయించుకుని మంచం మీదున్న పిల్లలు ఉంటారు. తెరమీద చూసిందాన్ని వాళ్లు తమ కాలికి అన్వయించుకుంటారు.

కథ అందరికీ తెలిసిందే. బీద ఇంట్లో పుట్టిన కుర్రాడు, గొప్ప ప్రతిభ, సెలెక్షన్‌కి ముందురోజు గాయం. కుంగిపోతాడు, దేవుణ్ణి తిట్టుకుంటాడు. ఒక పెద్దాయన వచ్చి గ్రంథం తెరిచి నాలుగు మంచి మాటలు చెబుతాడు. కుర్రాడు మోకరిల్లుతాడు. (మోకాలు పూర్తిగా వంగడానికే ఆపరేషన్ తర్వాత నెలలు పడుతుంది, అది వేరే సంగతి.) వెంటనే రెండు నిమిషాల పాట: మెట్లెక్కడం, వానలో పరుగు, చెమట. పాట అయ్యేసరికి ఫైనల్. మాకు ప్రార్థనతో పేచీ లేదు. పేచీ అంతా ఆ రెండు నిమిషాల పాటతోనే.

ఈ కథల్లో తరచూ తెగేది ఏసీఎల్, అంటే మోకాలి లోపల తొడ ఎముకనీ కింది ఎముకనీ కలిపి పట్టి ఉంచే లిగమెంట్. సినిమాలో ప్రత్యర్థి వచ్చి గుద్దేస్తాడు. వాస్తవంలో ఎక్కువసార్లు ఎవరూ తగలరు. పరుగులో ఉన్న మనిషి చటుక్కున పక్కకి తిరగబోతాడు, పాదం నేలకి పట్టేస్తుంది, మోకాలు లోపలికి వాలుతుంది, ‘టప్’మని వినిపిస్తుంది. కాసేపటికి లేచి నడిచేవాళ్లూ ఉన్నారు. కొద్ది గంటల్లో కీలులోకి రక్తం చేరి మోకాలు బూరెలా ఉబ్బుతుంది. విలన్ లేని గాయమిది. విశ్వాసం మీద కథ రాసేవాళ్లకి ఇంతకన్నా మంచి ఎత్తుగడ ఏముంటుంది? తప్పెవరిదని అడగాల్సి వస్తే ఆటగాడికి మిగిలేది పైవాడొక్కడే.

అసలు నాటకం ఆపరేషన్ అయిన రెండో రోజునో మూడో రోజునో మొదలవుతుంది. మడమ కింద చుట్ట చుట్టిన తువ్వాలు. ‘తొడ బిగించు’ అంటాడు ఫిజియో. మొన్నటిదాకా బరువులెత్తి గుంజీలు తీసిన తొడ అది. ఆటగాడు పళ్లు బిగిస్తాడు, దుప్పటి పిడికిట్లో నలుపుతాడు, పిరుదు బిగుస్తుంది, రెండో కాలు కూడా బిగుస్తుంది. కావలసిన తొడ మాత్రం పిండిముద్దలా అలాగే ఉంటుంది. కీలు వాచినప్పుడు తొడ ముందు కండరానికి వెళ్లే ఆదేశాన్ని నాడీవ్యవస్థే అణిచేస్తుంది. ఇక్కడ పట్టుదల పనిచేయదు. ఐసు పెట్టాలి, కాలు ఎత్తులో ఉంచాలి, అవసరమైతే తొడకి ప్యాడ్లు అంటించి కరెంటుతో కండరాన్ని లేపాలి, బిగించి వదలడం రోజంతా మళ్లీ మళ్లీ చేయాలి. అలా చేయగా చేయగా ఒకనాడు మోకాలి చిప్ప కొద్దిగా పైకి జారుతుంది, అంతే. మనిషి తన శక్తి చాలదని ఒప్పుకునే ఘట్టం కోసం రచయితలు తుపానులూ మెరుపులూ వెతుక్కుంటారు గానీ, అది ఈ తువ్వాలు దగ్గరే ఉంది.

మొదటి రెండు వారాల పని మోకాలు పూర్తిగా చాపగలగడం, వాపు దించడం, చాపిన కాలుని మోకాలు వంగకుండా పైకెత్తడం. చాపడం అశ్రద్ధ చేస్తే ఆ బిగువు అలాగే ఉండిపోయి, నడకలో కుంటు మిగులుతుంది. తర్వాత స్థిరంగా ఉండే సైకిలు, మెట్టు దిగడం, బరువులు. బలం, వాపు అనుకూలిస్తే మూడు నాలుగు నెలలకి తిన్నటి పరుగు. దూకడం, మలుపులు తిరగడం ఆ తర్వాతే.

కథకులు వాడుకోని పెద్ద మలుపు ఒకటి ఈ మధ్యలోనే ఉంది. తెగిన లిగమెంట్ స్థానంలో అమర్చేది చాలాసార్లు రోగి సొంత స్నాయువే (కండరాన్ని ఎముకకి కలిపే పట్టీ), తొడ వెనక నుంచో చిప్ప కింద నుంచో తీసినది. కొత్తచోట దానికి రక్తనాళాలు మళ్లీ పుట్టుకురావాలి. ఆ మార్పు జరిగే తొలి నెలల్లో, సుమారు ఆరు నుంచి పన్నెండో వారం దాకా, అది పెట్టిననాటి కన్నా బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పటికే నొప్పి పోయి, వాపు తగ్గి, ‘నాకు నయమైపోయింది’ అనిపిస్తుంది. సినిమాలో చంకకర్రలు విసిరేసే దృశ్యం వచ్చేది కూడా ఇంచుమించు ఇక్కడే. చప్పట్లు కొట్టే చోట ఫిజియోకి గుండె జారిపోతుంది.

శీర్షికలో చెప్పిన తొమ్మిది నెలల లెక్క ఎక్కడిదంటారా? నార్వే, అమెరికా పరిశోధకులు కలిసి చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, తొమ్మిది నెలల దాకా ఆటలోకి తిరిగి వెళ్లడం ఒక్కో నెల ఆలస్యం చేసినకొద్దీ మళ్లీ మోకాలు దెబ్బతినే రేటు దాదాపు సగానికి తగ్గింది. నెలలు గడిస్తే చాలదు, పరీక్షలు కూడా నెగ్గాలి. ఒంటికాలి మీద ముందుకి దూకించి దూరం కొలుస్తారు. మంచికాలు 150 సెంటీమీటర్లు, ఆపరేషన్ కాలు 128 అయితే 85 శాతం. కనీసం 90 ఉండాలి. ఇందులోనూ ఒక మోసముంది: ఇన్ని నెలల విశ్రాంతిలో మంచికాలు కూడా చిక్కిపోతుంది కాబట్టి రెండూ సమానంగా కనిపించినా రెండూ పాతబలానికి రాకపోవచ్చు. ఈ పరీక్ష తెరమీద చూపడానికి నేల మీద అంటించిన ఒక టేపు చాలు. ఫైనల్ మ్యాచ్ కన్నా ఉత్కంఠగా ఉంటుంది, ఖర్చూ తక్కువ.

2014లో వచ్చిన ఒక సమగ్ర విశ్లేషణ ప్రకారం ఈ ఆపరేషన్ తర్వాత ఏదో ఒక ఆటలోకి తిరిగి వచ్చినవాళ్లు నూటికి 81 మంది. మునుపటి స్థాయిని అందుకున్నవాళ్లు 65 మంది. పోటీ ఆటలకి తిరిగి వచ్చినవాళ్లు 55 మందే. కాలు బాగుపడ్డా మళ్లీ తెగుతుందేమోనన్న భయం పోని వాళ్లు ఎందరో. ఆ భయాన్ని కొలవడానికి పన్నెండు ప్రశ్నల పట్టిక కూడా ఉంది. విశ్వాసానికి కథలో చోటు నిజంగా ఉన్నది ఇక్కడ. స్నాయువు అతుక్కునే వేగాన్ని ప్రార్థన పెంచుతుందని మేం చెప్పలేం. రెండొందల రోజులు ఎవరూ చూడని గదిలో అదే వ్యాయామం చేయడానికి, ఆ భయంతోనే మళ్లీ మైదానంలో కాలు మోపడానికి అది తోడుంటే కాదనేదెవరు?

నిజజీవితాలు చూసినా అంతే. స్కాట్లండ్ పరుగువీరుడు ఎరిక్ లిడెల్ 1924 పారిస్ ఒలింపిక్స్‌లో హీట్లు (తొలి వడపోత పరుగులు) దేవుడికి కేటాయించిన ఆదివారం పడ్డాయని వంద మీటర్ల పోటీ వదులుకుని, 400 మీటర్లు 47.6 సెకన్లలో గెలిచాడు. ఆయన కథతో 1981లో వచ్చిన సినిమాలో ఆ సంగతి పారిస్‌కి ఓడ ఎక్కుతుండగా తెలిసినట్టు చూపారు. వాస్తవంగా నెలల ముందే తెలుసు, ఆ నెలలన్నీ 400 మీటర్లకి సాధన చేశాడు. సినిమా కోసేసింది మళ్లీ ఆ సాధననే.

అలల మీద బోర్డుతో సాగే సర్ఫింగ్ క్రీడాకారిణి బెథనీ హామిల్టన్‌కి పదమూడేళ్ల వయసులో, 2003 అక్టోబరు 31న, హవాయిలో షార్క్ దాడిలో ఎడమ చెయ్యి పోయింది. నెల తిరక్కుండానే అలల మీదికి వెళ్లింది. ఎలా? మొదట కాస్త పొడవైన, మందమైన బోర్డు వాడింది. కుడిచేత్తో పట్టుకోవడానికి దానికి ఒక పిడి పెట్టించారు. లేని చేతికి బదులు కాళ్లతో ఎక్కువ తన్నడం నేర్చుకుంది. ఆమె భక్తి ఎంత నిజమో ఆ పిడీ అంత నిజం.

ఇక ముగింపు. దేవుణ్ణి నమ్మాడు కాబట్టి గెలిచాడని చూపితే ఎదుటి జట్టులో ప్రార్థించినవాడి మాటేమిటి? రెండోసారి కూడా లిగమెంట్ తెగిన పిల్ల తన విశ్వాసంలోనే లోపముందని అనుకోదా? అమెరికా పరుగువీరుడు లూయీ జాంపెరీనీ 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో అయిదువేల మీటర్లలో ఎనిమిదో స్థానంలో వచ్చాడు. 1940 ఒలింపిక్స్ యుద్ధంతో రద్దయ్యాయి. విమానం సముద్రంలో కూలి 47 రోజులు తెప్ప మీద గడిపి, ఆపైన జపాన్ చెరలో మగ్గాడు. మళ్లీ ఒలింపిక్స్‌లో పరుగెత్తలేదు. 1949లో విశ్వాసం వైపు మళ్లి, తనని హింసించినవాళ్లని క్షమించాడు. 1998లో, 81వ పుట్టినరోజుకి కొద్దిరోజుల ముందు, అదే జపాన్‌లో ఒలింపిక్ జ్యోతి పట్టుకుని పరుగెత్తాడు. పతకం లేదు. కథకేం తక్కువైంది?

దర్శకులు షూటింగుకి ఒక ఫిజియోని పిలిచి రెండు రోజులు కూర్చోబెట్టుకుంటే చాలా తప్పులు పోతాయి. తొడ వెనక స్నాయువు తీస్తే పెద్ద గాటు మోకాలి కింద, కాలి లోపలివైపు ఉంటుంది, మేకప్ వాళ్లు గీసినట్టు చిప్పకి అడ్డంగా ఉండదు. కుంటడమంటే పాదం ఈడ్చడం కాదు, మోకాలు పూర్తిగా చాచలేక అడుగు కురచగా పడటం. ఒక్క కర్రతో నడిపించేటప్పుడు ఆ కర్రని దెబ్బతిన్న కాలివైపు ఇవ్వకండి, రెండోవైపు చేతికి ఇవ్వండి.

– క్రీడా గాయాల ఫిజియోథెరపీలో పనిచేస్తున్న మీ పాఠకులు