వాన రోజున పడవ: బాన్‌బరీ నుంచి హేఫర్డ్ దాకా

అమ్మలూ,

శుక్రవారం పొద్దున్న నువ్వూ అల్లుడూ ఇక్కడ ఇంగ్లండులో, ఆక్స్‌ఫర్డ్ కాలువ మీది బాన్‌బరీలో పడవ ఎక్కుతున్నారు. రెండు రోజులూ వానే అంటున్నారు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. వాన అని ప్రయాణం మానుకోకండి. కాలువలో ఎక్కువైన నీళ్లు లాకుల (పడవని ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దించే తలుపుల గదుల) పక్కనున్న అలుగుల మీదుగా వాటంతటవే కిందికి పోతాయి. ఆక్స్‌ఫర్డ్ కాలువలో అసలు చూసుకోవలసింది చర్వెల్ నది కాలువలోకి వచ్చే చోటు. మీ దారిలో అది ఎయిన్‌హో దగ్గర ఉంది. మిగతావన్నీ ఓపికతో గడిచిపోయే పనులే.

బయల్దేరే ముందు వెనక డెక్కు మీది చెక్క పలక ఎత్తి ఇంజను గది చూడండి. పలకల చుట్టూ సన్నటి కాలవలు ఉంటాయి, డెక్కు మీద పడ్డ వాన వాటిలోంచి బయటికి పోవాలి. ఆకులు అడ్డుపడితే ఆ నీళ్లన్నీ ఇంజను కిందికి దిగుతాయి. వేళ్లతో ఆకులు తీసెయ్యండి. అడుగున నీళ్లు నిలిచి ఉంటే పంపు వేసే ముందు పైన నూనె తెట్టు ఉందేమో చూడండి. రంగులు రంగులుగా మెరుస్తుంటే పంపు వెయ్యకండి, నూనె కాలువలోకి పోకూడదు. ముందు దాన్ని పీల్చే గుడ్డలతో అద్ది తియ్యాలి. తర్వాత ఇంజను ఆయిలు, కూలెంటు చూసుకుని స్టార్ట్ చెయ్యండి.

ఈ రోజుల్లో ప్రొపెల్లరుకి ఆకులు, ప్లాస్టిక్ సంచులు చుట్టుకోవడం మామూలే. ఇంజను చప్పుడు బరువెక్కి, నల్లటి పొగ వచ్చి, చుక్కాని పిడి వణుకుతూ, పడవ నెమ్మదించిందంటే అదే కారణం. ముందు న్యూట్రల్లోకి తెచ్చి, కాసేపు వెనక్కి తిప్పండి. ఆకులైతే విడిపోతాయి. వదలకపోతే గట్టుకి కట్టి, ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకున్నాకే వీడ్ హాచ్ (ప్రొపెల్లరు పైనున్న కంత) మూత తియ్యాలి. చెయ్యి లోపల ఉండగా ఎవరూ ఇంజను తిప్పకుండా ఉండడానికే ఆ తాళంచెవి జాగ్రత్త. చుట్టుకున్నది కత్తితో కోసి తీశాక మూతని సమంగా కూర్చోబెట్టి, పైన అడ్డబద్ద బిగించండి. అది వదులుగా ఉంటే ప్రొపెల్లరు చిమ్మే నీళ్లు సూటిగా ఇంజను గదిలోకి వస్తాయి. పడవలు మునిగిపోయేది ఇలాగే. బిగించాక ఒక నిమిషం గేరు వేసి, మూత చుట్టూ తడి ఊరుతోందేమో కళ్లతో చూడు.

బట్టల విషయానికొస్తే, కోటూ ప్యాంటూ విడివిడిగా ఉన్న వానబట్టలే వేసుకోండి. పోంచో వద్దు, దాని అంచులు హ్యాండిళ్లకి తగులుకుంటాయి. పడవ నడిపేవాళ్లు గొడుగు పట్టుకోకూడదు, అది ముందు చూపు కప్పేస్తుంది, వంతెన కింద తగిలితే మనిషిని పడేస్తుంది. లైఫ్ జాకెట్టు కోటు పైనే కట్టుకోవాలి. జిప్పు బిగించిన కోటు లోపల అది ఉబ్బితే ఛాతీ నొక్కేస్తుంది. చేతి తొడుగులు రెండు జతలు పెట్టుకోండి.

నడపడం నీకు తెలిసిందే. పిడి ఎడమకి నెడితే ముక్కు కుడికి తిరుగుతుంది. పడవ మధ్యలో గుంజ పాతినట్టు అక్కడే తిరుగుతుంది కాబట్టి వెనక భాగం అవతలి పక్కకి ఊగుతుందని మరిచిపోకు. ఎదురు పడవ వస్తే నీ కుడి పక్కకి జరుగు. గంటకి 4 మైళ్లు మించకూడదన్నది నియమం, నిజానికి 3 మైళ్లు చాలు. గట్టుకి కట్టి ఉన్న పడవలు కనబడగానే, వాటి పక్కకి వచ్చాక కాదు, చాలా ముందే ఇంజను మందగించు. వానకి గట్టు నానిపోయి ఉంటుంది, వేగంగా వెళ్తే నీళ్ల లాగుడికి వాళ్ల మేకులు ఊడి వచ్చేస్తాయి. వాన కంటే గాలి ఎక్కువ పేచీ పెడుతుంది. 57 అడుగుల బల్లపరుపు గోడ లాంటి పడవ ఇది. గాలి పక్కనుంచి కొడుతుంటే నెమ్మదిగా పోతే గట్టుకి ఒరుసుకుపోతుంది, ఆ కాసేపు కొంచెం జోరు పెంచక తప్పదు.

ఇక లాకులు. మన గోదావరి కాలువల మీద కూడా వీటిని లాకులనే అంటాం, పని కూడా అదే. ఇక్కడివి ఏడడుగుల వెడల్పు, మన పడవ ఆరడుగుల పది అంగుళాలు. మిగిలేది రెండంగుళాలు, కాబట్టి లోపలికి వెళ్లే ముందు పక్కన వేలాడే ఫెండర్లు పైకి తియ్యాలి, లేకపోతే పడవ ఇరుక్కుంటుంది. మీరు వెళ్లేది పల్లానికి. లాకు నిండి ఉండాలి. పై తలుపు తీసి, పడవ లోపలికి వచ్చాక తలుపు మూసి, పై ప్యాడిల్స్ దించారో లేదో చూసుకుని, అప్పుడు కింది ప్యాడిల్స్ ఎత్తాలి. ప్యాడిల్ అంటే తూము మూతే. విండ్లాస్, అంటే ప్యాడిల్ ఎత్తే చేతి పిడి, తిప్పుతున్నప్పుడు పళ్ల చక్రం మీద కొక్కెం సరిగ్గా పడిందా అని చూడాలి. విండ్లాస్‌ని ఇరుసు మీద వదిలేసి పక్కకి వెళ్లకూడదు. కొక్కెం జారితే అది గిర్రున తిరిగి చెయ్యి విరగ్గొడుతుంది. తడిచేత్తో ఉన్నప్పుడు ఇంకా జాగ్రత్త.

తలుపు నెట్టేటప్పుడు దూలానికి నడుము ఆనించి, నేల మీద ఎత్తుగా పేర్చిన ఇటుక వరసలకి మడమలు తన్నిపెట్టి, వెనక్కి నడిచినట్టు నెట్టాలి. వానకి ఆ ఇటుకల మీద నాచు సబ్బులా జారుతుంది, అందుకే బూటు అడుగు గరుగ్గా ఉండాలి. తలుపు మీద ఒక చేత్తో కడ్డీ పట్టుకుని నడవండి. ఒక తలుపు మీంచి ఇంకో తలుపు మీదికి గెంతడం మాత్రం ఎండలోనైనా వద్దు.

పడవలో ఉన్న నీ పని ఒక్కటే, సిల్లు మీద వెనక భాగం కూర్చోకుండా చూడడం. పై తలుపు కింద నీళ్లలో దాగి ఉన్న రాతి గట్టే సిల్లు. గోడ మీద తెల్ల గీత ఉంటుంది, పడవ వెనక భాగం ఆ గీత దాటి ముందుకి వచ్చి ఉండాలి. మరీ ముందుకి వెళ్లి కింది తలుపుకి ముక్కు తగులుకోనివ్వకు. నీళ్లు దిగుతుంటే పడవ వెనకా ముందూ కదులుతుంది, ఇంజనుతో పట్టి ఉంచు. తాడు గట్టుకి ముడి వెయ్యకు, పడవ దిగుతుంటే వేలాడిపోతుంది. ఎక్కడైనా పట్టుకున్నట్టు అనిపిస్తే గట్టిగా కేకెయ్యి. అల్లుడు వెంటనే కింది ప్యాడిల్స్ దించేసి, తర్వాత పై ప్యాడిల్ నెమ్మదిగా ఎత్తి నీళ్లు నింపాలి.

బాన్‌బరీ లాకు, గ్రాంట్స్ లాకు, కింగ్స్ సటన్ లాకు దాటాక నెల్ బ్రిడ్జ్ లాకు వస్తుంది. అక్కడ దిగకముందే ఆగండి. ఎందుకంటే ఆ తర్వాత చర్వెల్ నది కాలువలోకి వచ్చి, రెండో పక్క అలుగు మీదుగా వెళ్లిపోతుంది. మట్టం చూపే రంగుల బోర్డు చూడండి. ఆకుపచ్చ అయితే వెళ్లొచ్చు. పసుపు అయితే ఉధృతి పెరిగినట్టు. మీరిద్దరే కాబట్టి పసుపుకి కూడా ఆగిపొమ్మనే అంటాను. ఎరుపు అయితే కదలకూడదు. నెల్ బ్రిడ్జ్ పైనే పడవ కట్టేసి మర్నాడు చూడండి. వాన ఆగగానే నది తగ్గదు, పై ఊళ్ల నీళ్లు వచ్చేసరికి చాలా గంటలు పడుతుంది. రాత్రి ఆకుపచ్చ ఉందని పొద్దున్న చూడకుండా బయల్దేరకండి.

ఆకుపచ్చే అనుకో. అప్పుడు కూడా నువ్వు నెల్ బ్రిడ్జ్ లాకు కిందే ఆగి ఉండు. అల్లుడు గట్టు మీద ముందుకి నడిచి, నది దాటాక వచ్చే ఎయిన్‌హో వియర్ లాకు నింపి, పై తలుపు తెరిచి చెయ్యి ఊపాకే నువ్వు కదులు. ఆ ప్రవాహంలో తలుపు కోసం ఎదురుచూస్తూ నిలబడే పరిస్థితి రాకూడదు. నది పక్కనుంచి తోస్తుంది, అలుగు వైపుకి. ఇంజను కాస్త ఎక్కువగా ఉంచి, ముక్కు కొంచెం నది వచ్చే వైపుకి పెట్టి, ఆగకుండా దాటెయ్యి. నెమ్మదిగా వెళ్తే చుక్కానికి నీటి పట్టు ఉండదు.

ఆ లాకు వజ్రం ఆకారంలో పక్కలకి విప్పారి ఉంటుంది, చూడు. దిగేది ఒక అడుగు మాత్రమే. తర్వాత వచ్చే సోమర్టన్ డీప్ లాకు పన్నెండడుగులు, ప్రతిసారీ బోలెడు నీళ్లు తాగుతుంది. లోతు లేనిచోట వెడల్పు పెంచితే గాని కింద లాకుకి సరిపడా నీళ్లు దిగవు. 1790లో ఆక్స్‌ఫర్డ్ దాకా తెరిచిన కాలువ ఇది. అప్పటివాళ్ల లెక్క చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

శుక్రవారానికి ఎయిన్‌హో వార్ఫ్ చాలు. గంటకి మూడు మైళ్లు, ఒక్కో లాకుకి పావుగంట, వానలో దానికి కొంచెం ఎక్కువ అని లెక్కేసుకోండి. చీకటి పడకముందే కట్టేయాలి. ఇనప రేకు అంచు ఉంటే కొక్కేలతో కట్టండి. మట్టిగట్టు అయితే మేకులు పైభాగం పడవకి దూరంగా వాలేట్టు ఏటవాలుగా కొట్టండి, మెత్తటి నేలలో ఒక్కో తాడుకి రెండేసి మేకులు ఒకదానికొకటి అడ్డంగా. ముందు తాడూ వెనక తాడూ చాలు, మధ్య తాడు రాత్రంతా కట్టి ఉంచకండి, ఎవరైనా పక్కనుంచి వెళ్తే పడవ ఒరుగుతుంది. తర్వాత స్టెర్న్ గ్లాండ్ (ప్రొపెల్లరు షాఫ్టు పడవలోంచి బయటికి వెళ్లే చోటి బిగింపు) గ్రీజు పిడి బిగుతు తగిలేదాకా తిప్పు. తిప్పకపోతే షాఫ్టు పక్కనుంచి రాత్రంతా చుక్క చుక్క దిగుతుంది.

లోపల పొయ్యిలో పొగరాని బొగ్గు వెయ్యండి. తడిబట్టలు పొయ్యి మీదా, దగ్గరా ఆరెయ్యకండి, స్నానాల గదిలో తాడు మీద వెయ్యండి. చలికి కింది గాలి కంతలు గుడ్డలతో మూయాలనిపిస్తుంది, మూయొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. పడుకునే ముందు అలారం బటన్ నొక్కి మోగుతోందో లేదో వినండి.

శనివారం సోమర్టన్ దాటి లోయర్ హేఫర్డ్ చేరితే రైలు స్టేషన్ కాలువ పక్కనే ఉంది, బాన్‌బరీకి అక్కడి నుంచి రైలుంది. తాళంచెవి కార్క్ బంతితో సహా లోపలి కొక్కేనికి తగిలించి, తలుపు నంబరు తాళంతో వెయ్యండి, సోమవారం నేను వచ్చి పడవ తీసుకెళ్తాను.

నాన్న