ఆవకాయ జాడీతో పాటు చిన్నీకి

తెనాలి,
ఆదివారం

చిన్నీ,

ఇక్కడ మేం బాగానే ఉన్నాం. మీ నాన్నగారి మోకాలు మామూలే, మెట్లెక్కొద్దంటే వినరు. ఈసారి ఆవకాయ బాగా కుదిరింది. మురళి రేపు హైదరాబాదు వస్తున్నాడంటే జాడీ కట్టి ఇస్తున్నాను, దాంతో పాటే ఈ ఉత్తరం. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావేమో. నువ్వు ఫోనెత్తి ఇరవై రెండు రోజులైంది. "తర్వాత చేస్తానమ్మా" అని మెసేజి పెడతావు, ఆ తర్వాత అనేది రాదు. నిష్ఠూరం కాదులే, పనిలో ఉంటావని నాకు తెలుసు.

జాడీలో తడి గరిటె పెట్టకు. వదినగారికి, అదే మీ అత్తగారికి, ముక్క వెయ్యకు, గుజ్జే వేసి, నెయ్యితో అన్నం మెత్తగా పిసికి పెట్టు. కూర్చోబెట్టే పెట్టాలి. తిన్నాక కూడా ఓ అరగంట పడుకోనివ్వకు. పడుకోబెట్టి పెడితే పొలమారుతుంది, మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే జ్వరం పట్టుకుంటుంది.

మొన్న పద్మత్త వచ్చింది, మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి పిలవడానికి. మాటల్లో చెప్పింది, నిన్ను రైతుబజార్లో చూసిందట. ఒక కాలికి నీలం చెప్పు, ఒక కాలికి గోధుమరంగు చెప్పు వేసుకుని టమాటాలు ఏరుతున్నావట. రెండుసార్లు పిలిచినా నీకు వినపడలేదట. దాని మాటలు నేను పట్టించుకోనని నీకు తెలుసుగా.

మల్లెపాదు ఈ ఏడు విరగబూసింది. కనకం రోజూ మూరెడు మాల కట్టి, "చిన్నమ్మ ఉంటేనా" అంటుంది. ముఖం కూడా పీక్కుపోయిందట నీకు. ఉదయం టిఫిను తింటున్నావా, కాఫీతో సరిపెడుతున్నావా?

వదినగారు పొద్దుగూకేసరికి "పాలకొల్లు పోతాను, మా అమ్మ ఎదురుచూస్తుంది" అని గుమ్మం పట్టుకు నిలబడుతున్నారని అల్లుడు గారు చెప్పారు. ఈ మతిమరుపు జబ్బులో సాయంత్రాలు అలాగే ఉంటాయి. చీకటి పడకముందే లైట్లన్నీ వేసెయ్యి. ఇదే మన ఇల్లని వాదించకు. ఆ ఇంటి పెరట్లో ఏం చెట్లుండేవని అడుగు, చెప్పుకుంటూ కూర్చుంటారు. రోజూ ఉండేది ఉన్నట్టుండి మరీ ఎక్కువైతే మాత్రం డాక్టరుకి చెప్పి మూత్రం పరీక్ష చేయించు. ఈ వయసులో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తే ఒక్కోసారి జ్వరం కంటే ముందు మతే తడబడుతుంది. డెబ్బై దాటారు కదా, ఆయుష్మాన్ కార్డు చేయించారా? ఆదాయంతో పనిలేదు, 2024 నుంచి ఇస్తున్నారు. ఆ పథకంలో ఉన్న ఆసుపత్రిలో చేరాల్సి వస్తే ఏడాదికి 5 లక్షల దాకా చూస్తారు.

మళ్ళీ పాఠం మొదలుపెట్టాను. నేను చెప్పాలని కూర్చుంది మీ నాయనమ్మ సంగతి.

1993లో ఆవిడకి పక్షవాతం వచ్చేనాటికి నీకు నాలుగేళ్ళు. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. విశాఖ నుంచి మీ మేనత్త "వదినా, నేనొచ్చి నెల్లాళ్ళుంటాను" అని కార్డు రాస్తే, అక్కర్లేదని నేనే జవాబు రాశాను. కోడలు చెయ్యలేకపోయిందన్న మాట పడకూడదని నా పంతం. రెండు గంటలకోసారి పక్క మార్చాలని తలదగ్గర అలారం పెట్టుకునేదాన్ని. పక్కగుడ్డలు, వంట, నువ్వు, బుజ్జిగాడి జ్వరాలు. ఏడు నెలలు అలా లాగాను. శ్రావణంలో ఒక రాత్రి అలారం మోగింది, నాకు వినపడలేదు. తెల్లారి పాలవాడు తలుపు కొడితే లేచాను. పక్క తడిసి చల్లబడిపోయి ఉంది. ఒత్తిగిలించి చూస్తే వెన్ను చివర రూపాయి బిళ్ళంత మేర ఎర్రగా కమిలి, మధ్యలో తోలు ఊడి ఉంది. ఆవిడ ఎడమ చేత్తో నా కుచ్చిళ్ళు పట్టుకున్నారు. నేను విదిలించుకుని "నేను మాత్రం మనిషిని కాదా" అని అరిచాను. నోట మాట లేని మనిషి మీద అరిచాను చిన్నీ. తర్వాత బావి దగ్గరికి పోయి ఏడుస్తుంటే నువ్వు వెనకాలే వచ్చి నా కొంగు పట్టుకున్నావు.

కాంపౌండరు గారు వచ్చి పుండు కడిగి కట్టు కట్టారు. నా ముఖం చూసి, "అమ్మా, నీకు సాయం ఎవరూ లేరా?" అన్నారు. ఉన్నారు, నేనే రానివ్వలేదు. ఆ మధ్యాహ్నమే మీ నాన్నగారు టెలిగ్రాం ఇచ్చారు. మేనత్త ట్రంకుపెట్టెతో దిగి, కాళ్ళు కడుక్కుని, అరుగు మీద చాప పరిచి నన్ను పడుకోమంది. సాయంత్రం పడుకున్నదాన్ని మర్నాడు పదింటికి లేచాను. లోపలికి వెళ్తే నాయనమ్మ కూతురి చేతి జావ తాగుతున్నారు. నన్ను చూసి మళ్ళీ ఆ ఎడమ చెయ్యే చాపారు. పుండు మానడానికి ఏడు వారాలు పట్టింది. ఆ తర్వాత మూడేళ్ళున్నారు, మేమిద్దరం వంతులు వేసుకున్నాం, ఇంకో పుండు పడలేదు.

నువ్వూ ఏదో ఒక రాత్రి విసుక్కుని ఉంటావు. కుళాయి తిప్పి బాత్రూంలో ఏడ్చి ఉంటావు. అది లోపల దాచుకోకు, నాతో చెప్పు. బెంగళూరు మరిది డబ్బు పంపుతున్నాడని సరిపెట్టుకోకు, వచ్చి పది రోజులు తల్లి దగ్గర ఉండమను. నీకు మొహమాటమైతే అల్లుడు గారు అడగాలి. రాత్రిళ్ళకి మనిషిని పెట్టుకుంటే నీకేం చిన్నతనం లేదు. పెద్దవాళ్ళ విషయంలో ఏం కావాలన్నా 14567కి చెయ్యి. నీ మనసు బాగోకపోతే 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. రెండూ ఫ్రిజ్ మీద రాసి అంటించు.

శనివారం జన్మభూమికి నేను వస్తున్నాను. నాన్నగారు టికెట్ తీసేశారు, వద్దనకు. ఆయన భోజనం కనకం చూసుకుంటుంది. పదిహేను రోజులు రాత్రి కాపలా నాది. వదినగారు నన్ను గుర్తుపట్టకపోయినా ఫర్వాలేదు, పాలకొల్లు అమ్మే వచ్చిందనుకున్నా సరే. నువ్వు లోపలి గదిలో తలుపేసుకుని పడుకో.

జాడీ అందగానే ఫోన్ చెయ్యి, రెండు నిమిషాలు చాలు. నిన్న బజారుకెళ్ళి నీకు చెప్పులు తీసుకున్నాను, గోధుమరంగువి, వెనక పట్టీ ఉన్నవి. ఆరో నెంబరే కదా?

మీ అమ్మ