భోగాపురం గేటు బయట సంగతి

సంపాదకులకు నమస్కారం.

విజయనగరం జిల్లా భోగాపురంలో అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయం ముస్తాబవుతున్న ఈ సమయంలో, రాజధానిగా ఉన్న హైదరాబాదు తన విమానాశ్రయాన్ని మార్చుకున్న నాటి అనుభవాన్ని మన జిల్లాల అధికారులు ఒకసారి గుర్తుచేసుకోవాలన్న ఉద్దేశంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

నిజాం పాలనలో 1930వ దశకంలో రూపుదిద్దుకున్న బేగంపేట విమానాశ్రయం, 1945లో ఏర్పడిన దక్కన్ ఎయిర్‌వేస్‌కు స్థావరమై, 1953 జాతీయీకరణలో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయిన తరువాత కూడా అర్ధశతాబ్దానికి పైగా నగరానికి సేవలందించింది. చుట్టూ ఊరు పెరిగిపోయి విస్తరణకు చోటు లేకపోవడంతో 2008 మార్చి 23న రాకపోకలన్నీ షంషాబాదుకు తరలిపోయాయి. దాదాపు 5,500 ఎకరాల ఆ విమానాశ్రయాన్ని కట్టింది మన రాజాంలో పుట్టిన గ్రంథి మల్లికార్జునరావు గారి జీఎంఆర్ సంస్థ. భోగాపురాన్ని కడుతున్నదీ వారే కాబట్టి లోపలి ఏర్పాట్ల గురించి నాకు బెంగ లేదు. బెంగంతా గేటు బయట సంగతే.

షంషాబాదులో విమానాలు దిగడం మొదలైన ఏడాదిన్నరకు, అంటే 2009 అక్టోబరులో గానీ మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే అందుబాటులోకి రాలేదు. మెట్రో రైలు ఇంకా అక్కడికి చేరనేలేదు. సొంత కారు లేనివారికి ఆర్టీసీ బస్సులే దిక్కయ్యాయి.

మన పరిస్థితి ఇంకాస్త చిక్కైనది. విజయనగరం పట్టణం భోగాపురం మీదుగా పోయే చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారి మీద లేదు. నాతవలస దాకా వచ్చి అక్కడ మలుపు తిరగాలి. శ్రీకాకుళం వారికి రహదారి తిన్నగానే ఉన్నా, విశాఖ వెళ్లే బస్సు హైవే మీద దింపేసి పోతే పెట్టెలు మోసుకుంటూ టెర్మినల్ దాకా ఎలా వెళ్లాలన్నది ప్రశ్న. విశాఖ విమానాశ్రయం నౌకాదళానిది కావడంతో అక్కడ విమానాల వేళలకు పరిమితులున్నాయి. భోగాపురానికి ఆ అడ్డంకి ఉండదు కనుక అర్ధరాత్రి విమానాలూ వస్తాయి. గల్ఫ్‌కు కూలికి వెళ్లే సోంపేట, పలాస, ఇచ్ఛాపురం ప్రాంతాల వారికి అంతకంటే కావలసిందేముంది? కాని రాత్రి రెండు గంటలకు దిగిన మనిషి తెల్లవారేదాకా అరుగు మీద కూర్చోవలసి వస్తే, లేదా ట్యాక్సీకి నెల కూలి ధారపోయవలసి వస్తే, విమానాశ్రయం దగ్గరైందన్న సంబరం ఎంతసేపు?

పౌర విమానయాన మంత్రిత్వం అశోక్ గజపతిరాజు గారి రూపంలో ఒకసారి విజయనగరానికి, రామ్మోహన్ నాయుడు గారి రూపంలో మరోసారి శ్రీకాకుళానికి దక్కింది. శంకుస్థాపన కూడా 2019లో ఒకసారి, 2023లో మరోసారి జరిగింది. అన్నీ రెండేసిసార్లు చేసిన చోట బస్సుల సంగతి ఒక్కసారి ఆలోచించమని అడగడం అత్యాశ కాదేమో.

విజయనగరం, శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సుల నుంచి టెర్మినల్ గుమ్మం దాకా, విమానాల వేళలను బట్టి రాత్రిపూట కూడా నడిచే బస్సులను ప్రారంభం రోజు నుంచే వేయాలనీ, వాటిలో కొన్నింటిని ఇచ్ఛాపురం దాకా పొడిగించాలనీ, ఆ వేళల పట్టికను ముందుగానే ప్రకటించాలనీ మీ పత్రిక ద్వారా సంబంధిత అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విజయనగరం.